పొదుపులా కనిపించిన 20 రోజులు: ఫైనాన్స్ నుంచి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌కు ఒక కేస్ స్టడీ

ఫైనాన్స్‌లో 9 ఏళ్లు చేసిన ఒక సీనియర్ అనలిస్ట్ ప్రాజెక్ట్ మేనేజర్‌గా మారిన కేసు ఇది. అందులో నాలుగేళ్లు జనరల్ అకౌంట్స్, ఐదేళ్లు బడ్జెటింగ్, ఫోర్‌కాస్టింగ్. ఇలాంటి మార్పుల్లో పదే పదే కనిపించే తప్పుల్ని ఒకే మనిషి, ఒకే ప్రాజెక్టు చుట్టూ చేర్చి రాసిన నమూనా కేసు కాబట్టి అంకెల్ని ఎవరికివారు లెక్క కట్టి చూసుకునేంత చిన్నగా ఉంచాం. డబ్బుకు బదులు పని దినాల్లో చెప్పాం. ఒక మనిషి ఒక రోజు చేసే పని ఒక పని దినం.

ఈ మార్పు కోరుకునేవాళ్లకు మొదట వినిపించే మాట "మీకు బడ్జెట్ వచ్చు కదా, సగం పని వచ్చినట్టే". బడ్జెట్ రావడం పనికొస్తుంది, కాదనం. కానీ ఈ కేసులో పెద్ద దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే. ఫైనాన్స్‌లో వేరియన్స్ (బడ్జెట్‌కూ వాస్తవానికీ మధ్య తేడా) చూడటానికి అలవాటుపడ్డ కన్ను ప్రాజెక్టు రిపోర్టును తప్పుగా చదువుతుంది. అదెలాగో పదో వారం దగ్గర కనిపిస్తుంది. ముందు ఆమె ఆ ప్రాజెక్టు దాకా ఎలా వచ్చారో చూద్దాం.

పాత ఉద్యోగంలో ప్రాజెక్టు ఏది, రోజువారీ పని ఏది

రెజ్యూమె మొదటి డ్రాఫ్టులో ఉన్నవి ఇవి: నెలవారీ క్లోజింగ్ (నెల లెక్కలు మూసే పని) బాధ్యత, వార్షిక బడ్జెట్ తయారీ, ఆడిటర్లతో సమన్వయం. ప్రాజెక్ట్ మేనేజర్‌ను వెతుక్కునేవాళ్లకు ఇందులో ఒక్క ప్రాజెక్టూ కనిపించదు. ప్రాజెక్టంటే మొదలూ చివరా ఉన్న పని, అది పూర్తయ్యాక అంతకుముందు లేనిదేదో మిగలాలి. నెలాఖరు క్లోజింగ్ ఎంత కష్టమైనా ఆపరేషనే, వచ్చే నెల మళ్లీ తలుపు తడుతుంది. అదే క్లోజింగ్‌ను 9 పని రోజుల నుంచి 6 రోజులకు తగ్గించే పని అయితే ప్రాజెక్టు అవుతుంది.

ఇలా జల్లెడ పడితే తొమ్మిదేళ్లలో నాలుగే మిగిలాయి. బడ్జెట్ ఎక్సెల్ షీట్లన్నిటినీ ఒకే టూల్‌లోకి మార్చడం 5 నెలలు, రెండు యూనిట్ల చార్ట్ ఆఫ్ అకౌంట్స్ (ఖాతాల జాబితా) కలపడం 7 నెలలు, ఆడిట్‌లో బయటపడ్డ లోపాలు సరిదిద్దడం 6 నెలలు, లీజుల కొత్త అకౌంటింగ్ ప్రమాణం అమలు 8 నెలలు. కూడితే 26. అందులో 3 నెలలు రెండు పనులూ కలిసి నడిచాయి. పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజర్లకు పీఎంఐ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్) దరఖాస్తులో ఒకే నెలను రెండుసార్లు లెక్కపెట్టకూడదు కాబట్టి చేతికొచ్చేవి 23 నెలలు.

నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లను పీఎంఐ అప్పట్లో అడిగింది గత 8 ఏళ్లలో 36 నెలల పాటు ప్రాజెక్టులు నడిపించిన అనుభవం, దానితోపాటు 35 గంటల ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ శిక్షణ. అంటే ఆమెకు ఇంకా 13 నెలలు కావాలి. ఈ లెక్క మొదటే వేసుకోవడం మంచిదైంది. లేకపోతే చాలామందిలాగే ముందు కోర్సులో చేరి, పరీక్ష పుస్తకాలు కొని, దరఖాస్తు దగ్గర ఆగిపోయేవారు.

రెజ్యూమెలో మార్పు చిన్నదే. "చార్ట్ ఆఫ్ అకౌంట్స్ విలీనంలో పాల్గొన్నాను" అన్న లైను తీసేసి, ఎన్ని ఖాతాలు ఎన్నింటికి తగ్గాయి, ఎన్ని శాఖలు సంతకం పెట్టాలి, తేదీ ఎప్పుడు, నిజంగా ఎప్పుడు పూర్తయింది, ఆలస్యమైతే ఎందుకు అని రాశారు. ఆ చివరి ముక్క రాయడానికి ఫైనాన్స్ మనుషులు జంకుతారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు మాత్రం మొదట అడిగేది దాని గురించే.

దారి విషయంలో మా అభిప్రాయం స్పష్టం: రంగాన్నీ పాత్రనూ ఒకేసారి మార్చకూడదు. ఆమె మూడు నెలలు బయటి కంపెనీల్లో సాఫ్ట్‌వేర్, నిర్మాణ ప్రాజెక్టులకు దరఖాస్తులు పెట్టారు, పిలుపు రాలేదు. ఆ తర్వాత తన కంపెనీలోనే ఫైనాన్స్ సిస్టమ్ ప్రాజెక్టు అడిగితే ఇచ్చారు. హోదా పెరగలేదు, పెరగాలని పట్టుబట్టి ఉంటే అదీ దక్కేది కాదు.

ప్రాజెక్టు, మనుషులు, మొదటి ప్లాన్

కంపెనీకి 312 లీజు ఒప్పందాలున్నాయి, లెక్కలన్నీ ఎక్సెల్‌లో. లీజుల కొత్త ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 16 అమల్లోకి వచ్చిన 2019 జనవరి 1 నుంచి, అద్దెకు తీసుకున్న సంస్థ దాదాపు ప్రతి లీజునూ బ్యాలెన్స్ షీట్ మీదికి తేవాలి. 12 నెలలకు మించనివి, తక్కువ విలువవి మాత్రం బయట ఉంచుకోవచ్చు. ప్రతి ఒప్పందానికీ ఒక బాకీ, ఒక ఆస్తి, తరుగుదల, వడ్డీ. అద్దె మారినా, గడువు పెరిగినా మళ్లీ లెక్క. ఎక్సెల్‌లో ఉన్నంతకాలం ఇది ఒకరిద్దరికే తెలిసిన విద్య. దీన్ని కంపెనీ పనులన్నీ నడిపే సాఫ్ట్‌వేర్ అయిన ఈఆర్‌పీలోని లీజు మాడ్యూల్‌లోకి మార్చడమే ప్రాజెక్టు.

గడువు 20 వారాలు, బడ్జెట్ 400 పని దినాలు. ఇద్దరు డెవలపర్లు పూర్తికాలం, 200. వెండర్ కన్సల్టెంట్ సగం కాలం 50, టెస్టర్ సగం కాలం 50. అకౌంట్స్ నుంచి ముగ్గురు, ఒక్కొక్కరు తమ సమయంలో మూడో వంతు, కలిపి 100.

ఈ చివరి లైనులోనే తప్పు దాగి ఉంది. అకౌంట్స్ వాళ్ల 100 రోజుల్ని ఆమె వారానికి 5 చొప్పున 20 వారాలకూ సమానంగా పంచారు. వార్షిక ఖర్చును 12తో భాగించి నెలలకు పంచే చెయ్యి అది. కానీ నెలాఖరు రెండు రోజులు, మరుసటి నెల మొదటి ఐదు పని రోజులు అకౌంట్స్ మనిషి ఎవరికీ దొరకడు. నాలుగేళ్లు స్వయంగా క్లోజింగ్ చేసిన మనిషికి ఇది తెలియక కాదు. ఖర్చును సగటు చేయొచ్చు, మనిషి సమయాన్ని చేయలేం. ఆ రోజు మనిషి ఉంటాడు, లేదా ఉండడు. ప్లాన్‌లో క్లోజింగ్ రోజుల్ని సున్నాగా రాసి, మిగతా రోజుల్లో సగం సమయం అడిగి ఉంటే మొత్తం అంతే వచ్చేది, తేదీలు మాత్రం నిజమయ్యేవి.

రెండో లోపం షెడ్యూల్ ఫైలు. 140 లైన్లు, ప్రతి దానికీ మొదలు, ముగింపు తేదీలు చేత్తో టైపు చేసినవే. ఏ పని ఏ పని మీద ఆధారపడి ఉందో చెప్పే కాలమ్ లేదు. ఫీల్డ్ మ్యాపింగ్ (ఎక్సెల్‌లోని ఏ కాలమ్ కొత్త సిస్టమ్‌లో ఎక్కడికి వెళ్లాలన్నది) ఆమోదం 4 రోజులు ఆలస్యమైనప్పుడు దాని కింది 60 లైన్ల తేదీలు ఒక్కొక్కటిగా మార్చాల్సి వచ్చింది. అందులో ఒకటి తప్పిపోయి, బిల్డ్ పూర్తికాకముందే టెస్టింగ్ మొదలైనట్టు మిగిలిపోయింది. టెస్టర్ ఆ తేదీకి వచ్చి కూర్చున్నాడు. ముందస్తు పని కాలమ్ పెట్టి లింకులు కలిపాక బయటపడిన క్రిటికల్ పాత్ (ఏ ఒక్కటి ఆలస్యమైనా ప్రాజెక్టే ఆలస్యమయ్యే పనుల వరస) ఇది: మ్యాపింగ్, ట్రయల్ డేటా లోడ్, రీకన్సిలియేషన్ (పాత, కొత్త లెక్కలు పోల్చడం), సంతకం, కటోవర్ (కొత్త సిస్టమ్‌కు మారడం). రిపోర్టులు అందులో లేవు, వాటికి మూడు వారాల వెసులుబాటు ఉంది. వారం వారం మీటింగుల్లో సగం సమయం మాత్రం రిపోర్టుల ఆకారం గురించే పోయింది, ఎందుకంటే పై అధికారులకు కంటికి కనిపించేవి అవే.

అంచనాల దగ్గర ఇంకో చిక్కు. ఆమె డెవలపర్‌ను ఒక్క అంకె అడిగారు, ఆయన "10 రోజులు" అన్నారు. అది బడ్జెట్ అయిపోయింది. 13 రోజులు పట్టేసరికి వివరణ అడిగారు. ఆ తర్వాత ఏ పని అడిగినా డెవలపర్ల నుంచి ఉబ్బిన అంకెలే వచ్చాయి. వేరియన్స్‌కు వివరణ అడగడం ఫైనాన్స్‌లో మర్యాద, ప్రాజెక్టులో అంచనా ఇచ్చినవాడికి అది శిక్షలా తగులుతుంది. సరిచేసిన పద్ధతి మూడు అంకెలు అడగడం: అంతా కలిసొస్తే 6, మామూలుగా 10, అన్నీ అడ్డం తిరిగితే 20. పెర్ట్ అనే అంచనా సూత్రం ప్రకారం మామూలు అంకెను నాలుగుతో హెచ్చించి, మిగతా రెండూ కలిపి ఆరుతో భాగిస్తే 11. 20 ఎందుకొస్తుందని అడిగితే అసలు భయాలు బయటికొస్తాయి. ఆ సంభాషణ ఆ 11 కంటే విలువైనది.

పదో వారం రిపోర్టు

సగం గడువు గడిచింది. ప్లాన్ ప్రకారం 200 పని దినాలు ఖర్చవ్వాలి, 180 ఖర్చయ్యాయి. స్పాన్సర్‌కు (ప్రాజెక్టుకు బడ్జెట్, ఆమోదం ఇచ్చే పై అధికారికి) వెళ్లిన రిపోర్టులో మొదటి లైను: "బడ్జెట్‌లో 10 శాతం ఆదా, 20 పని దినాల అనుకూల వేరియన్స్." ఆకుపచ్చ రంగు.

ఈ లైనులో అంకె తప్పు ఒక్కటీ లేదు. లేనిదల్లా మూడో అంకె, అయిన పని. ఫైనాన్స్‌లో బడ్జెట్, వాస్తవం అని రెండు కాలమ్‌లు చాలు. జీతాలు, అద్దెలు కాలంతోపాటు నడుస్తాయి, తక్కువ ఖర్చయితే మిగిలినట్టే. ప్రాజెక్టులో తక్కువ ఖర్చయిందంటే పని చౌకగా అయిందనీ అనుకోవచ్చు, అసలు జరగలేదనీ అనుకోవచ్చు. అయిన పనిని కొలిచి ఖర్చుతో పోల్చే ఎర్న్‌డ్ వాల్యూ పద్ధతి ఆ తేడాను పట్టుకోవడానికే ఉంది.

అయిన పనిని కొలవడంలోనూ మొదట మోసపోయారు. ఎంత పూర్తయిందని అడిగితే ప్రతి పనికీ ఒక శాతం చెప్పేవారు. ఒక ఇంటర్‌ఫేస్ పని మూడు వారాలపాటు 80 శాతం దగ్గరే ఉంది. ఆ శాతాలతో కూడితే 185 వచ్చింది, అంతా బాగున్నట్టే. తర్వాత నిబంధన మార్చారు. ఏ పనీ 5 రోజులకు మించకుండా ముక్కలు చేయాలి, టెస్టర్ సరే అన్నాకే పూర్తి విలువ, అప్పటిదాకా సున్నా. అలా లెక్కిస్తే అయిన పని విలువ 150.

ఇప్పుడు అవే అంకెలు వేరే కథ చెబుతాయి. 150ని ఖర్చయిన 180తో భాగిస్తే కాస్ట్ ఇండెక్స్ 0.83, అంటే పెట్టిన ప్రతి రోజుకూ 0.83 రోజు పనే అయింది. ప్లాన్ చేసిన 200తో భాగిస్తే షెడ్యూల్ ఇండెక్స్ 0.75, అంటే అప్పటికి అవ్వాల్సిన పనిలో ముప్పాతికే అయింది. ఇదే వేగంతో పోతే మొత్తం ఖర్చు 400ని 0.833తో భాగించినంత, 480. అసలు బడ్జెట్‌లోనే పూర్తి చేయాలంటే మిగిలిన 250 దినాల పనిని 220లో లాగాలి, అంటే అనుకున్నదానికంటే సుమారు 14 శాతం వేగంగా. అప్పటిదాకా 17 శాతం వెనకబడ్డ జట్టు హఠాత్తుగా అలా పరిగెత్తడానికి కారణమేమీ లేదు.

ఆదా అన్న ఆ 20 రోజులు ఎక్కడివి? అకౌంట్స్ వాళ్లవి. పది వారాల్లో 50 ఇవ్వాలి, క్లోజింగులు అడ్డొచ్చి 30 ఇచ్చారు. మరి 180 పెట్టినా 150 పనే ఎందుకైంది? అకౌంట్స్ జవాబులు రాకపోతే డెవలపర్లు చేతులు కట్టుకుని కూర్చోరు, తమకు తోచినట్టు కట్టేస్తారు. లీజు మధ్యలో అద్దె మారితే ఏ తేదీ నుంచి మళ్లీ లెక్కించాలన్నది అలాగే ఊహించి కట్టారు. జవాబు వచ్చాక తీసేసి మళ్లీ కట్టారు. ఆదా అనుకున్న 20 రోజులే 30 రోజుల వృథాను పుట్టించాయి.

ఆమెకు పాత వృత్తి అండగా నిలిచిన చోటు కూడా ఇదే. ఆ 180 నికరంగా నమ్మదగ్గ అంకె. చాలామంది ప్రాజెక్ట్ మేనేజర్లు లెడ్జర్‌లో కనిపించిన ఖర్చునే తీసుకుంటారు, వెండర్ ఇన్వాయిస్ నెలన్నర తర్వాత వస్తుంది. ఆమె కన్సల్టెంట్ టైమ్‌షీట్లు తెప్పించి, బిల్లు రాని పనినీ అక్రూవల్‌లా కలిపేవారు. లేకపోతే ఖర్చు ఇంకా తక్కువ కనిపించి, రిపోర్టు ఇంకా పచ్చగా ఉండేది.

సవరించిన రిపోర్టుతో స్పాన్సర్ ముందు మూడు దారులు పెట్టారు: గడువు ఒక నెల జరపడం, పరిధి తగ్గించడం, క్లోజింగ్ రోజుల్లో అకౌంట్స్‌కు బదులు మనుషుల్ని ఇవ్వడం. చివరి రెండూ కలిపి తీసుకున్నారు. 11 రిపోర్టుల్లో 7 తర్వాతి విడతకు వెళ్లాయి, 40 పని దినాల పని తగ్గింది. మిగిలిన 210 దినాల పనిని అదే 0.83తో భాగిస్తే 252, ఖర్చయిన 180 కలిపితే 432. ప్రాజెక్టు ఆఖరికి 430 దగ్గర, 22వ వారంలో ముగిసింది. షెడ్యూల్ ఇండెక్స్ విషయంలో ఒక జాగ్రత్త: ఎంత ఆలస్యమైన ప్రాజెక్టుకైనా చివర్లో అది 1కి చేరుతుంది, ఎందుకంటే ప్లాన్ చేసిన పనంతా ఎప్పటికో అప్పటికి అవుతుంది. ఆఖరి మూడో వంతులో దాన్ని పక్కనపెట్టి క్రిటికల్ పాత్ చూడటమే మేలు.

రిస్క్ రిజిస్టర్ ఎందుకు ఖాళీగా ఉంది

రిస్క్ రిజిస్టర్ అంటే ముందుముందు రాగల ముప్పుల జాబితా. మొదటి రిజిస్టర్‌లో ఆరే లైన్లున్నాయి, ఆరూ అప్పటికే జరిగిపోయినవి. అవి రిస్కులు కావు, సమస్యలు. దీని మూలం ఐఏఎస్ 37 (రాగల నష్టాల్ని లెక్కల్లో ఎప్పుడు చూపాలో చెప్పే అకౌంటింగ్ ప్రమాణం) అలవాటు అని మా అనుమానం. జరగకపోవడం కంటే జరగడానికే ఎక్కువ అవకాశముంటే ప్రొవిజన్ (ముందే లెక్కల్లో పెట్టే మొత్తం), అవకాశం ఉందంటే ఉందన్నట్టుంటే నోట్, బహు స్వల్పమైతే ఏమీ రాయక్కర్లేదు. ఏళ్ల తరబడి ఆ గీత మీద నడిచినవాళ్లకు 20 శాతం అవకాశమున్నదాన్ని రాయడానికి చెయ్యి రాదు. ప్రాజెక్టులో ఆ 20 శాతానివే ముందు రాయాలి, ఎందుకంటే వాటి మీద చేయగలిగింది ఇంకా మిగిలి ఉంటుంది.

ఛేంజ్ కంట్రోల్, అంటే మార్పులకు ఆమోదం తీసుకునే పద్ధతి, మాత్రం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. మరీ ఎక్కువైంది కూడా. స్క్రీన్ మీద ఒక లేబుల్ మార్చడానికి మూడు సంతకాలు. రెండు వారాల్లో డెవలపర్లు, అకౌంట్స్ వాళ్లు తమలో తాము మాట్లాడుకుని చెప్పకుండా మార్చుకోవడం మొదలుపెట్టారు. తర్వాత 2 పని దినాల లోపు మార్పులకు ఆమె నిర్ణయమే చాలన్నారు, కానీ లాగ్‌లో ఒక లైను తప్పనిసరి.

డేటా లోడ్, కటోవర్

ట్రయల్ లోడ్ మూడుసార్లు. మొదటిసారి 312కి 309 ఎక్కాయి. మూడు ఒప్పందాల్లో ముగింపు తేదీ మొదలు తేదీ కంటే ముందుంది, ఎక్సెల్ ఏళ్లుగా దాన్ని భరించింది, ఈఆర్‌పీ భరించలేదు. అంతకంటే ప్రమాదకరమైంది ఎక్కిన 309లో ఉంది. నెల మొదట్లో అద్దె కట్టే 41 ఒప్పందాలు నెలాఖరున కట్టేవిగా ఎక్కాయి. ఎర్రర్ రాలేదు, వర్తమాన విలువ (రాబోయే అద్దెల నేటి విలువ) మాత్రం మారిపోయింది. ఒప్పందాల సంఖ్య సరిపోయిందని సంతకం పెట్టేసే ప్రాజెక్ట్ మేనేజర్‌కు ఇది దొరకదు. ఆమె సంఖ్యతోపాటు లీజు బాకీ మొత్తం, ఆస్తి మొత్తం, ఆ నెల వడ్డీ, తరుగుదల అన్నిటినీ పాత షీటుతో పోల్చారు. రెండో లోడ్‌లో మిగిలిన చిన్న తేడా, ఆ విలువ కట్టడానికి వాడే డిస్కౌంట్ రేటును ఎక్సెల్ నాలుగు దశాంశ స్థానాల వరకు, కొత్త సిస్టమ్ రెండింటి వరకే ఉంచడం వల్ల. మూడోసారి సరిపోయింది.

కటోవర్ తేదీని క్లోజింగే నిర్ణయించింది. పాత నెల లెక్కలు ఐదో పని రోజుకు మూసి, ఆరో రోజు నుంచి ఎనిమిదో రోజులోగా లోడ్ చేయాలి. ఆ మూడు రోజులు తప్పితే మళ్లీ నెలకే. ఆ తర్వాత ఒక నెల రెండు చోట్లా లెక్క నడిపి పోల్చారు. వెనక్కి వెళ్లాలంటే ఎవరు, ఏ గంటకు నిర్ణయించాలన్నది కాగితం మీద ముందే ఉంది: ఎనిమిదో రోజు మధ్యాహ్నం 2కి బాకీ మొత్తం సరిపోకపోతే ఎక్సెల్‌కే.

మిగిలిన నెలలు, పరీక్ష

ఈ ప్రాజెక్టు 5 నెలలు, తర్వాత కొనుగోళ్ల ఆమోదాల సిస్టమ్ ప్రాజెక్టు 8 నెలలు. పాత 23తో కలిపి 36. రెండోది అజైల్ పద్ధతిలో, అంటే చిన్న చిన్న విడతలుగా నడిచింది. ఫైనాన్స్ నుంచి వచ్చినవాళ్లకు అక్కడ మింగుడుపడనిది బడ్జెట్ రూపం. ఇంత పనికి ఇంత అని ఉండదు, ఇన్ని స్ప్రింట్లకు (విడతలకు) ఈ జట్టు అని ఉంటుంది, పరిధే కదులుతుంది. ఆమె అక్కడ చేసిన పనికొచ్చే పని ఒకటుంది. ఐఏఎస్ 38 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం పరిశోధన దశ ఖర్చు వెంటనే రాసేయాలి, షరతులు నెరవేరిన అభివృద్ధి ఖర్చును ఆస్తిగా చూపాలి. ఏ స్టోరీ (ఒక చిన్న పని) ఏ కోవలోకి వస్తుందో బ్యాక్‌లాగ్‌లోనే (చేయాల్సిన పనుల జాబితాలోనే) గుర్తు పెట్టించడంతో ఏడాది చివర డెవలపర్లను కూర్చోబెట్టి టైమ్‌షీట్లు తవ్వే బాధ తప్పింది.

పీఎంపీ పరీక్ష 2021 జనవరిలో వచ్చిన రూపంలో 180 ప్రశ్నలు, 230 నిమిషాలు. మనుషుల విభాగానికి 42 శాతం, ప్రాసెస్‌కు 50, వ్యాపార వాతావరణానికి 8. సుమారు సగం అజైల్, దాన్ని పాత పద్ధతితో కలిపిన హైబ్రిడ్ పద్ధతుల మీద. రూపం మారుతూ ఉంటుంది కాబట్టి దరఖాస్తుకు ముందు పీఎంఐ తాజా వివరాలు చూసుకోవాలి. లెక్కల ప్రశ్నలు కొన్నే, ఫైనాన్స్ వాళ్లు నమ్ముకునేది వాటినే. ఆమె మాక్ టెస్టుల్లో మార్కులు పోయింది మనుషుల విభాగంలో: జట్టులో గొడవ వస్తే ముందు ఏం చేయాలని అడిగితే పై అధికారికి చెప్పడం అన్నదే ఎంచుకునేవారు. కంట్రోలర్‌కు (అకౌంట్స్ విభాగం పెద్దకు) ఎస్కలేట్ చేసే అలవాటు అది. ముందు ఇద్దరితో మాట్లాడి కారణం తెలుసుకోవాలన్నది అక్కడ ఆశించే జవాబు.

దరఖాస్తుల్లో కొన్నింటిని పీఎంఐ ఆడిట్‌కు తీస్తుంది. అప్పుడు ప్రతి ప్రాజెక్టుకూ ఆ పని తెలిసినవారి ధ్రువీకరణ, డిగ్రీ, శిక్షణ పత్రాలు పంపాలి. ఆమె చార్ట్ ఆఫ్ అకౌంట్స్ ప్రాజెక్టు మేనేజర్ అప్పటికే వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు, వెతకడానికి రెండు వారాలు పట్టింది. ఫైనాన్స్ కుర్చీ ఖాళీ చేసే ముందే, ప్రతి ప్రాజెక్టుకూ ఒక పేజీ రాసి, తేదీలు వేసి, దాన్ని చూసిన మనిషి వ్యక్తిగత ఈమెయిల్ తీసిపెట్టుకోవాలి.